నలుగురూ వచ్చాకే తలుపు

నిన్న పొద్దున్న కాకినాడలో ఆఫీసుకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్.

"మిలిటరీ మావయ్య పోయార్రా."

కాల్ కట్ అయినా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. మొన్న ఆదివారమేగా "ఏరా డైరెక్టరూ, రెండో సినిమా ఎప్పుడు?" అని వెక్కిరించారు!

తెలియనివాళ్ళకి చెప్తాను. రామ్మూర్తి మావయ్య మా అమ్మకి అన్నయ్య. డెబ్బై ఒకటి యుద్ధంలో పనిచేశారు. రిటైరయ్యాక మండపేటలో రైస్ మిల్లుకి వాచ్‌మన్. ఆయనతో పాటు మిలిటరీలో చేసిన ముగ్గురు ఫ్రెండ్స్ కూడా ఆ ఊళ్ళోనే ఉండేవారు.

2003లో నాకు సినిమా పిచ్చి. పెళ్ళి వీడియోలు తీసే ఫ్రెండ్ కెమెరా తెచ్చాడు. కథ నాదే. మిల్లులో నలుగురు ముసలి సైనికులు. శవాలు లేచొచ్చి చుట్టుముడతాయి. ఇక నరుకుడే నరుకుడు.

హీరోలు ఈ నలుగురే.

రక్తానికి బెల్లం పాకంలో ఎర్ర రంగు కలిపాం. పేగులకి పాత సైకిల్ ట్యూబులు. మిల్లు కూలీలు మొహాలకి తవుడు పూసుకుని శవాలయ్యారు. ఆ దురదకి శవాలన్నీ గోక్కుంటూ నడిచాయి.

పాకంలో తడిసి పడున్న మావయ్యకి చీమలు పట్టేశాయి. నేను కట్ చెప్పేదాకా కదల్లేదు. తర్వాత మాత్రం హిందీలో తిట్టారు.

అసలు గొడవ తలుపు సీన్ దగ్గర వచ్చింది.

స్క్రిప్ట్ ప్రకారం ముగ్గురు మిల్లులోకి వచ్చేస్తారు. నాలుగో ఆయన కాలు తెగి బయట పడిపోతాడు. శవాలు రాకుండా మావయ్య గడియ పెట్టెయ్యాలి.

"పెట్టను" అన్నారు.

"సినిమాయే కదా మావయ్యా."

"అయితే మాత్రం? మనోడు బయటున్నాడు కదరా. నలుగురూ వచ్చాకే తలుపు."

మూడు టేకులు తీశాను. మూడుసార్లూ బయటికి పరిగెత్తి, ఫ్రెండ్‌ని భుజాన వేసుకుని తెచ్చేశారు. నాకు ఒళ్ళు మండింది. "మీకు యాక్టింగ్ రాదు, ఇంటికెళ్ళండి" అని అందరి ముందూ అనేశాను.

ఆయన వెళ్ళి ధాన్యం బస్తా మీద కూర్చున్నారు.

కాలు తెగిన వేషం వేసిన సుబ్బారావు గారు నన్ను పక్కకి పిలిచారు.

"యుద్ధంలో మీ మావయ్య ఒకణ్ణి అలాగే వదిలేసి రావాల్సొచ్చింది బాబూ. ఆర్డరు మరి. ఆడు పేరెట్టి పిలుస్తానే ఉన్నాడంట. మళ్ళీ ఆ పని చేయించకండి."

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"ముందు వీపు మీద చీమలు దులపరా" అన్నారు.

సీన్ ఆయన చేసినట్టే ఉంచేశాను. అందర్నీ లోపలికి పంపి, తలలు లెక్కపెట్టుకుని, ఆఖర్న తను వచ్చి గడియ పెడతారు. లోకల్ కేబుల్‌లో వేస్తే ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ సీన్‌కి మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆ ముగ్గురు ఫ్రెండ్సూ ఒక్కొక్కరే పోయారు. ప్రతిసారీ పాడె మోసింది మావయ్యే. అందరూ వెళ్ళిపోయాక ఆఖర్న ఇంటికొచ్చేదీ ఆయనే.

నిన్న సాయంత్రం ఆయన్ని మేం మోశాం.

మావయ్యా, మీ ఫ్రెండ్స్ ముగ్గురూ ముందే లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచినాయన కూడా అక్కడే ఉండుంటాడు.

బయట ఇంకెవరూ లేరు. తలుపు వేసుకుని ప్రశాంతంగా పడుకోండి.