తిమోతి మూసిన మడవ

ఇందుకూరుపేట పక్క పల్లెలో తిమోతి పని, కాలవ నీళ్లను వంతు ప్రకారం వరి కయ్యలకు పెట్టడం. కయ్యలోకి నీళ్లు దిగే మడవ తెరవాలన్నా, మట్టేసి మూయాలన్నా అతని చెయ్యే పడాలి. మనసు వెన్న, కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. అదీ పందొమ్మిదివందల యాభై ఎనిమిది దాకానే.

ఆ ఏడు, కాలవ చివర ఎకరన్నర సాగుచేసుకునే రాఘవమ్మ నలుగురిలో "నీళ్లు అమ్ముకుంటుండావా ఏందిరా?" అనేసింది. మొగుడు పోయిన మనిషి, కాస్త నోరు పెద్దది. తిమోతికి తల కొట్టేసినట్టయింది. మొలగొలుకుల వరి పాలు పోసుకునే వేళ రెండు వంతులు ఆమె మడవ తెరవలేదు. పైగా "చివరిదాకా నీళ్లు రాలేదమ్మా" అని అబద్ధమాడినాడు. పైరంతా తాలయింది. రాఘవమ్మ పాడిగేదెను అమ్ముకునింది. దాన్ని తోలుకుపోతుంటే గట్టుమీద నిలబడి చూసినాడు తిమోతి. చేతులు కాలినాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

నెల తిరక్కముందే ఆమె వాకిట్లో కూలబడి నిజం చెప్పేసినాడు. రాఘవమ్మ తిట్టింది, ఏడ్చింది, చివరికి "నా నోరూ తక్కువది గాదులే. పోరా, మనసులో పెట్టుకోను" అనింది. అన్నట్టే పెట్టుకోలేదు కూడా.

పెట్టుకునింది తిమోతే. చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల జరిగేది, ఏసు పేరున అందరూ రొట్టె పంచుకునేవాళ్లు. రొట్టె పళ్లెం చేతికొస్తే, పాపం చేసినవాడికి అర్హత లేదని తాను తీసుకోకుండా, రోజూ పక్కన కూర్చునే క్రీస్తురాజు అనే ఆయనకు అందించేవాడు. ఒక నెలా, రెండు నెలలా, మూడేళ్లు! ఆడవాళ్ల వైపు కూర్చున్న భార్య ఎలిశబెతు తల దించుకునేది. "ఆమే క్షమించినాక కాదనేదానికి నువ్వెవరయ్యా?" అని అడిగితే, "గొంతు దిగదే" అనేవాడు పాపం.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. చేసిన తప్పు కడుక్కోవాలని, ప్రతి వంతులోనూ రాఘవమ్మ మడవ గంట ఎక్కువ వదిలేవాడు. ఆ గంట ఎవరిది? పక్క కయ్య మాల్యాద్రిది. అరవై ఒకటిలో మాల్యాద్రి కయ్య నెర్రెలిచ్చింది. రాఘవమ్మ కయ్యలో నీళ్లెక్కువై, వెన్ను బరువెక్కిన పైరు ఒక పక్కకు పడిపోయింది. మాల్యాద్రి నెమ్మదస్తుడు గనక సరిపోయింది, గొడవకు దిగకుండా వచ్చి రాఘవమ్మతో చెప్పుకున్నాడు.

రాఘవమ్మ నేరుగా కాలవగట్టుకు నడిచింది.

"ఏరా తిమోతీ, అప్పుడు ఎండగట్టినావు, ఇప్పుడు ముంచుతుండావా?"

"మీకు చేసిన పాపం తీరాలని గదమ్మా..."

"మాల్యాద్రి నీళ్లతోనా తీర్చుకునేది? నేను ఎప్పుడో వదిలేసినాను. నువ్వే పట్టుకునుండావు. నా వంతు నాకియ్యిరా అబ్బయ్యా. తక్కువా వద్దు, ఎక్కువా వద్దు."

తర్వాతి వంతుకు ఆమే వచ్చి గట్టుమీద నిలబడింది. సమయం అయిపోయింది. తిమోతి మట్టిముద్ద తీసుకున్నాడే గానీ, ఆమె మడవకు వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ మడవ దగ్గర చేసిన తప్పే గదా మూడేళ్లుగా తినేస్తుండాది.

"మూయి నాయనా," అనింది రాఘవమ్మ మెత్తగా.

తిమోతి ఏడుస్తూనే మూసినాడు. నీళ్లు మాల్యాద్రి కయ్యకు మళ్లినాయి.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో పళ్లెం చేతికొచ్చింది. మూడేళ్ల అలవాటు కొద్దీ క్రీస్తురాజు అప్పుడే చెయ్యి చాపేసినాడు.

"కాస్త ఉండన్నా," అన్నాడు తిమోతి, "నేనింకా తీసుకోలేదు."