దడ్వాయి చెప్పించిన ఫ్రెంచి పాఠం

నిన్న పొద్దున మంగలి షాపులో గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్నాను. రోడ్డు మీద స్కూటీ ఆపి ఒకమ్మాయి "బోంజూర్ తాతా!" అని కేకేసింది. నురగ నోట్లోకి పోతున్నా నేనూ "బోంజూర్" అన్నాను. మంగలి కత్తి ఆపి "గదేం తిట్టు సార్?" అని అడిగాడు. తిట్టు కాదయ్యా, నమస్తే అని చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పుడు నిజామాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫ్రెంచి చెబుతోంది. ఒకప్పుడు అదే ఫ్రెంచిలో తప్పిన పిల్ల.

ఆమె మా పక్కింటి దడ్వాయి కూతురు. దడ్వాయి అంటే మార్కెట్ యార్డులో రైతుల పసుపు తూచే మనిషి. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు మాట్లాడే కుటుంబం, పిల్ల తండ్రిని "అబ్బా" అని పిలుస్తుంది. ఫ్రెంచి తీసుకుంటే మార్కులు ఊరికే వస్తాయని పై క్లాసు పిల్లలెవరో చెబితే, ఇంటర్‌లో రెండో భాషగా అదే తీసుకుంది. అన్నీ పాసై ఆ ఒక్కదానిలో పోయింది. మళ్లీ పరీక్షకు నెల రోజుల గడువు. ఇదీ పోతే చదువు బంద్, తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టడమే అని తండ్రి తేల్చేశాడు. పిల్ల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాకు ఫ్రెంచి రాదమ్మా అన్నాను. "నాక్కూడ రాదు కద తాతా. మీరు రోజు డైరీ రాస్తరు, మీకు రాయించుడు వస్తది. రాయించుండ్రి, చాలు" అంది.

ఆ పిల్లను పడగొట్టింది ఫ్రెంచి వ్యాకరణంలో ఒక కాలం. గతంలో ఒక పని జరిగే వేళకే ఇంకో పని అయిపోయి ఉంటే, ఆ ముందటి పనిని చెప్పే కాలం. లారీ వచ్చేసరికి పసుపు తూచి ఉండింది అన్నట్టు. మాట్లాడటం అనే క్రియకు ఆ కాలంలో "పార్లే" అన్న ముక్క కదలదు. దాని ముందున్న చిన్న మాటే నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు అని ఆరుసార్లు వేషం మారుస్తుంది. నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నవాణ్ణి, రాస్తే రానిది లేదని నా నమ్మకం. స్కేలు పెట్టి ఆరు గళ్లు గీశాను. మారే మాటకు ఎర్ర సిరా, మారని మాటకు నీలి సిరా. రోజూ సాయంత్రం ఐదుకు మొదలు. మా ఆవిడ చాయ్ తెచ్చి "రిటైరైనంక మళ్ల బడికి పోతున్నడు, అ ఆలు అయినయా?" అని పోయేది. పిల్ల ఊరికే రాస్తే ఆరూ ముత్యాల్లా వచ్చేవి. ఎదురుగా గడియారం పెట్టి పరీక్షలా కూర్చోబెడితే మూడో గడి దగ్గర చెయ్యి ఆగిపోయేది. పైకి చెప్పమన్నా మూడోదాని దగ్గరే ఆగేది. ఇరవై రోజులు ఇదే తంతు. నా రెండు సిరాలూ ఓడిపోయాయి.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా తండ్రి మా వరండాలోకి వచ్చాడు. బట్టల నిండా పసుపు దుమ్ము. "ఇగ ఇడిసిపెట్టుండ్రి సార్. మీకు పరేశాన్, దానికి పరేశాన్" అన్నాడు. పిల్ల చెబుతున్నదల్లా యథాప్రకారం మూడు దగ్గర ఆగింది. ఆయన మొహం మారిపోయింది. మా యార్డులో తూకం ఒకటితో మొదలు కాదు, "లాభం" అని మొదలై, రెండు, మూడు అని నడుస్తుంది. మొదలయ్యాక మధ్యలో ఆగకూడదు. దడ్వాయి గొంతు ఆగిందంటే రైతుకు అనుమానం పుడుతుంది, కుప్పంతా మళ్లీ తూచాల్సిందే. కూతురు పరీక్ష తప్పితే ఓర్చుకున్నాడు గాని, లెక్క ఆగితే ఓర్చుకోలేకపోయాడు.

"అరే, లెక్క నడుమ ఆపుతరా! మళ్ల మొదటికెల్లి చెప్పు. లాభం!"

పిల్ల ఉలిక్కిపడి "జావే పార్లే" అంది.

"రెండు!"

"త్యు అవే పార్లే."

"మూడు!" "ఇలావే పార్లే." "నాలుగు!" "నూజావియోఁ పార్లే." ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదాయన. ఐదు, ఆరు దాటేశారు. ఆ ఊపులో "ఏడు!" అని కూడా అరిచాడు. పిల్ల పకపకా నవ్వింది.

"ఆరే ఉంటయి అబ్బా! ఫ్రెంచోళ్లకు ఏడోది లేదు."

"లేదా? తరుగు తీసిండ్రేమో, దొంగలు!"

చదువు బంద్ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ పది రోజులూ యార్డు నుంచి నేరుగా మా వరండాకే వచ్చాడు. ఇవ్వడం, వెతకడం, పాడటం, ఒక్కో క్రియనూ ఒక్కో బస్తాలా తూచి దించాడు. నేను గళ్లు గీయడం మానేసి చాయ్ అందించే పనిలో కుదిరాను. పరీక్షలో ఇవ్వడం అనే క్రియ వచ్చిందట. చెవిలో అబ్బా గొంతు వినిపిస్తుంటే, పెన్నుతో బల్ల మీద తాళం వేస్తూ ఆరూ రాసేసిందట.

ఫలితం వచ్చిన రోజు పిల్లా నేనూ యార్డుకు వెళ్లాం. ఆయన కుప్ప ముందు తూకంలో ఉన్నాడు. "అబ్బా! ఎనభై తొమ్మిది!" అని పిల్ల అరిచింది. ఆయన తల తిప్పలేదు. "పదిహేడు" అన్నాడు. పద్దెనిమిది మామూలుకన్నా గట్టిగా పలికింది. పంతొమ్మిదికి కళ్ల నుంచి నీళ్లు మొహం మీది పసుపు దుమ్ములో చారలు కట్టాయి. సంగతి అర్థమైన హమాలీలు ఇరవై నుంచి ఆయనతో గొంతు కలిపారు. చివరి బస్తా "ముప్పై ఒకటి" యార్డు రేకులు అదిరేలా పలికింది. అప్పుడు వచ్చి, పసుపు చేతులతోనే కూతురి రెండు చెంపలూ పట్టుకున్నాడు.

"జర ఆగొచ్చు కద అబ్బా!"

"ఆగితే రైతు నమ్ముతడా బేటీ? ఇగ నువ్వు గూడ ఆగకు. ఎంత సదువుతవో సదువు."

ఆ పిల్ల ఆ రోజు గెలిచిందని యార్డులో అందరూ అనుకున్నారు. నా లెక్క వేరు, ఆ ఫ్రెంచి కాలం లెక్క. ఎనభై తొమ్మిది అన్న మాట మా చెవిన పడేసరికే, ఒక తండ్రి విసుక్కుంటూ "లాభం" అన్న సాయంత్రమే, ఆమె గెలిచి ఉండింది. కాలం ఆ కబురు మాకు కొంచెం ఆలస్యంగా అందించింది, అంతే.