తల ఊపితే ఒప్పుకోని కాంపౌండరన్న

నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో ఐదో తరగతి చదివి గొర్రెల వెంట పోయినవాణ్ణి, మన్నించండి. మా ఊరి పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరన్న పోయిన నెల చనిపోయాడు. ఆయన గురించి రాస్తున్నాను.

గొర్రెల రోగాల గురించి, టీకాల గురించి ప్రభుత్వం ఇంటర్నెట్‌లో పెట్టేవన్నీ ఆయన ఫోనులో చదివేవాడు. ఆ భాష మాకు కొరుకుడు పడేది కాదు. దాన్ని మా మాటల్లోకి మార్చి కాపరుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. పెట్టేముందు పొద్దున్నే మా అరుగు మీద కూర్చొని నాకు చదివి వినిపించేవాడు.

"ఏమప్పా, అర్థమాయనా?"

నేను తల ఊపేవాణ్ణి.

ఒకసారి చిటుకు రోగం టీకా గురించి చదివాడు. "పిల్లలకు నిర్ణీత వ్యవధిలో మలి మోతాదు తప్పనిసరి" అనే ముక్క అందులో అట్లే ఉండిపోయింది. నాకు తెలియలేదు. అడగడానికి సిగ్గేసి తల ఊపాను. ఆయన గ్రూపులో పెట్టేశాడు. నేను గొర్రెపిల్లలకు ఒక్క సూదే వేయించాను. వానకు కొత్త గడ్డి మొలిచింది, అది మేసి చిటుకు రోగంతో నాలుగు పిల్లలు చచ్చిపోయాయి.

సంగతి చెప్తే ఆయన ఫోను తీసి ఆ ముక్క మళ్లీ చదువుకున్నాడు.

"తప్పు నీది కాదప్పా, నా రాతది. అయితే ఒకటి. తల గొర్రెలు గూడా ఊపుతాయి. ఇంక నువ్వు నోటితో చెప్పల్ల."

ఆ రోజే తిరగరాశాడు: "పిల్లలకు ఒక సూది చాలదు. పదైదు దినాలకు ఇంకోటి వేయించండి." అప్పటినుంచి ఆయన చదివింది నేను తిరిగి చెప్పాల్సిందే. నేను తట్టుకొని ఆగిన చోటల్లా కొట్టేసి మళ్లీ రాసేవాడు. నేను చెప్పగలిగితేనే అది గ్రూపులోకి పోయేది.

ఆయన పోయిన పొద్దున గ్రూపులో ఎవరో పెట్టారు: "అకాల అస్తమయం చెందిరి. అంతిమ సంస్కారములు స్వగ్రామమందు జరుపబడును." ఎవరు, ఎప్పుడు అని లేదు. ఊర్లో ఉన్న నాకు తెలుసు గానీ, మావాళ్లు మందలతో ముదిగుబ్బ దిక్కు మేపుకు పోయి ఉన్నారు. ఇది చూసి వాళ్లు రారు అనిపించింది. గ్రూపులో ఏనాడూ ఒక్క ముక్క రాయనివాణ్ణి, కూర్చొని రాశాను. మా ఇంటి ఆడమనిషికి చదివి, తిరిగి చెప్పమన్నాను.

"కాంపౌండరన్న సచ్చిపోయినాడు, రెండింటికి పూడుస్తారు, అంతేనా? మరి యాడికి రావల్ల?"

చోటు మరిచాను. చేర్చి పంపాను: "మన కాంపౌండరన్న చనిపోయినాడు. మధ్యాహ్నం రెండింటికి ఊరి పక్కన ఆయన చేన్లోనే పూడుస్తారు. ఇప్పుడే బయలుదేరండి."

రెండింటికి ముందే వచ్చారు. భుజాన గొంగళ్లు, చేతిలో కట్టెలు. మందల్ని విడిచి రాలేనివాళ్లు తోలుకొనే వచ్చారు. మట్టి వేసేంతసేపు వేరుశనగ చేను గట్టు పొడుగునా గొర్రెలు నిలబడే ఉన్నాయి.

ఇది చదివి ఎక్కడ తట్టుకున్నారో నాకు త్వరగా జాబు రాయండి. ఊరికే తల ఊపొద్దు.