ముడి వేయని గాయం

రెండేళ్లు నా లుంగీలు నేనే ఉతుక్కున్నాను. పొట్టకూటికి వలసొచ్చిన ఈ లింబాయత్‌లో మా గల్లీ ఆడవాళ్లు నన్ను చూపించి తమ మగవాళ్లను దెప్పేవారు. మా ఆవిడ కూడా మురిసిపోయింది. అసలు సంగతి రక్తపు మరకలు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టుండేది నా మొలల బాధ. సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, పన్నెండు గంటలు నిలబడే పని నాది. ఒకరోజు కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను. గుట్టు బయటపడింది.

ఆస్పత్రిలో మా ఆవిడ ఏడవలేదు, తిట్టింది.

"గిదా నీ లుంగీల కథ? నేనేమన్న పరాయిదాన్నా?"

మా బావ అంతకుముందే ఆపరేషన్ చేయించుకున్నాడు. "లేజర్ చేపియ్యి బామ్మర్దీ. పొద్దుగాల పోయిన, మాపటికి ఇంట్ల ఉన్న" అన్నాడు. ఆ ధీమాతోనే నాలుగోరోజు డుమస్ బీచ్‌కి వెళ్లి, ప్లేటు నిండా కారం భజియాలు తిని, వారం రోజులు లబోదిబోమన్న సంగతి మాత్రం మింగేశాడు. అది మా అక్క చెప్పింది.

డాక్టరు నా లేజర్ ఆశ మీద నీళ్లు చల్లాడు. చిన్న మొలలైతే లేజర్‌తో కుంచించుకుపోయేలా చేస్తారట. లోపలివి జారుతుంటే స్టేప్లర్‌తో పైకి లాగి బిగిస్తారట. దానికి నొప్పి తక్కువే గానీ, మళ్లీ వచ్చే భయం ఎక్కువ. నావి లోపలా బయటా ముదిరాయి కాబట్టి కోసి తీయడమే మేలన్నాడు. నొప్పి ఎక్కువ, మానడానికి ఐదారు వారాలు. కానీ మళ్లీ రావడం అరుదు.

"ఎన్ని కుట్లు సాబ్?" అని హిందీలో అడిగాను.

"కుట్లుండవు. ఘావ్ ఖులా రఖేంగే."

గాయాన్ని తెరిచే ఉంచుతాడట! తెగిన పోగు కనబడితే ముడి వేయకుండా ఉండలేని చేతులు నావి. ఈయనకు పని రాదని తేల్చేశాను.

"ముడెయ్యకుంటె ఎట్ల నిలుస్తది?" అని తెలుగులోనే అనేశాను. మా ఆవిడ హిందీలో చెప్పింది. డాక్టరు నవ్వాడు. రక్తం వచ్చే నాళాన్ని లోపల కడతానన్నాడు, పైన గాయాన్ని మాత్రం ఒళ్లే అల్లుకుంటుందన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. అయినా వేరే దారి లేక ఒప్పుకున్నాను.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి దొడ్డికి వెళ్లిన పొద్దు పగవాడికి కూడా వద్దు. రోజుకు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చునేవాణ్ని. ఇసబ్‌గోల్, మజ్జిగ, ఆకుకూరలు. కారం బంద్. కూర్చున్నంతసేపూ ఒకటే భయం, మళ్లీ సాంచాల ముందు నిలబడగలనా అని. నాకు వేరే పని రాదు.

ఆరో వారం డాక్టరు చూసి, "భర్ గయా" అన్నాడు. పూడిందట. ఎవరూ ముడి వేయకుండానే! సంతోషం పట్టలేక ఆయన చేతులు పట్టుకున్నాను.

మర్నాడే పనికి వెళ్లి పన్నెండు గంటలూ నిలబడ్డాను. ఇంటికొచ్చి స్నానం చేసి, అలవాటు కొద్దీ విడిచిన లుంగీతో నల్లా దగ్గరికి నడిచాను. మా ఆవిడ దాన్ని చేతిలోంచి లాక్కుంది. లైటు కిందకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క మరక లేదు. ఆస్పత్రిలో ఏడవని మనిషి ఆ లుంగీ పట్టుకుని గడప మీద కూర్చుని ఏడ్చింది.

"ఇంకేమన్న దాస్తున్నవా?" అంది చివరికి.

"లేదు" అన్నాను.

లుంగీ తనే ఉతికింది.