సీసా మీద దొంగపేరు

గంట మోగింది. మైక్రోస్కోపు పక్కనున్న పాత గడియారం అది. మగవాళ్ల వీర్యం నమూనా చిక్కదనం తగ్గి పలచబడిందో లేదో చూడాల్సిన వేళకు గణగణమంటుంది. గడియారం మా నర్సింలు సారుది. జహీరాబాద్‌లో ఆయన పెట్టిన చిన్న ల్యాబులోనే నేను పని నేర్చుకున్నాను.

పిల్లలు లేరని వచ్చే జంటల్లో అత్తలు కోడలి చెయ్యే ముందుకు తోసేవారు. సారు సూది పక్కన పెట్టేసేవారు. "ముందు నీ కొడుకును పంపమ్మా. ఈ పిల్లకు ఎన్ని సూదులు గుచ్చిపిస్తవు?" అనేవారు. సగంమంది అలిగి వెళ్లిపోయేవారు. ఆగిన మగవాళ్లు నమూనా సీసా మీద దొంగపేరు రాయించేవారు. వాళ్లను చూసి నేను నవ్వుకునేవాణ్ణి. అంత తెలివైనవాణ్ణి మరి!

పెళ్లయిన మూడేళ్లకు నా సీసా మీద నేనూ దొంగపేరే రాశాను. అప్పటికే మా అమ్మ నా భార్య సుజాతను గొడ్రాలని నలుగురిలో అనేసింది. గంట మోగినా నమూనా పలచబడలేదు. సారు చీటీ చూసి, "నీ రాత నాకు ఎరుక లేదారా?" అన్నారు. రక్తం తీసి హైదరాబాదుకు పంపారు. రిపోర్టు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టారు.

"మగ హార్మోన్ మంచిగనే ఉంది. రిసెప్టరంటే దాని మాట వినే చెవి అనుకో. నీకు ఆ చెవి జర మందం. ఆ చెవిని తయారుచేసే జన్యువుల ఒక ముక్క మళ్ల మళ్ల వచ్చి పొడుగైంది. అందుకే వీర్యాన్ని పలచబరిచే ప్రోస్టేట్ గ్రంథి సరిగ పనిచేస్తలేదేమో, పిల్లలు గాకపోవుడు గందుకే. పడుచు మగోళ్లకు గూడ ఉంటదిది, సిగ్గుపడకు."

"ఎక్కడి నుంచి వచ్చింది సార్?"

"ఆ జన్యువు మగపిల్లగానికి తల్లి నుంచే వస్తది. గట్లని అమ్మ మీద ఎగబడకు, ఆమె చేసిందేం లేదు. ఇయ్యాలనే ఇంట్ల చెప్పు. సుజాత మీద పడ్డ గొడ్రాలన్న మాట తీసెయ్."

చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రిపోర్టును టిఫిన్ సంచి అడుగున పెట్టుకుని తిరిగాను. ఒకరోజు సుజాత వాళ్లన్న ఆటోలో వచ్చి ఆమెను ఝరాసంగంలోని పుట్టింటికి తీసుకుపోయాడు. ఆమె మళ్లీ రాలేదు. సంగతి తెలిసి సారు తిట్టలేదు. "గింత నేర్పిస్తే, గిదేనారా నువ్వు నేర్సుకున్నది?" అన్నారు. చనిపోయేదాకా నాతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నన్ను కొట్టినా బాగుండేది.

ఇప్పుడు ల్యాబు నేనే నడుపుతున్నాను. ఈ ఉదయం కూడా ఒక అత్త కోడలి చెయ్యి ముందుకు తోసింది. నేను సూది పక్కన పెట్టాను. "ముందు నీ కొడుకును పంపమ్మా" అన్నాను. ఆ కొడుకు వచ్చి సీసా పట్టుకుని ఏ పేరు రాయాలని గొణిగాడు.

"నీ పేరే రాయి" అన్నాను గట్టిగా.

సాయంత్రం ఇంటికి వెళ్తే అమ్మ అన్నం పెడుతుంది. సుజాతను ఇంకా గొడ్రాలనే అంటుంది. నేను తల వంచుకుని తింటాను. రిపోర్టు ఇంకా ఆ సంచి అడుగునే ఉంది.