వాసన చూడకూడని పూలు

మా ఇంట్లో దేవుడికి మాలలు కడతారు. దేవుడి పూలు ఎవరూ వాసన చూడకూడదు, చూస్తే ఎంగిలైనట్టే. ఒళ్లో మొల్లపూలు పోసుకోగానే మొహం పక్కకు తిప్పుకోవడం మాకు మాటలతో పాటే నేర్పిస్తారు. అందులో నన్ను మించినవాళ్లు లేరని అమ్మ వీధంతా గొప్పలు చెప్పుకునేది. గొప్పేముంది, నాకు పుట్టుకతోనే వాసన తెలియదు. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు.

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు తరగతిలో లవంగనూనె సీసా చేతులు మారింది. అందరి మొహాలూ మారాయి, నాది తప్ప. ఆనాటి పాఠమే నా జాతకం. ముక్కు లోపల వాసనలను పట్టే గ్రాహకాలు ఎన్నో రకాలు, ఒక్కో రకానికి ఒక్కో జన్యువు. ఏది ఏ వాసన పట్టినా మెదడుకు కబురు పోవాలంటే కణంలో ఒకే రకం ద్వారం తెరుచుకోవాలి. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిందే వస్తే కబురే ఉండదు. మా అమ్మానాయనలది మేనరికం. నాదీ మేనరికమే. నాలో చెడింది అదేనని ఎవరూ పరీక్షించి చెప్పలేదు గానీ, కూతురు పుట్టినప్పటి నుంచీ నాకు అదే దిగులు.

పాపకు ఏ పువ్వు ఇచ్చినా మొహం తిప్పేసేది. అడిగితే "ఏ వాసనా రాలేదు మా" అనేది. వాళ్లవ్వ నేర్పిన అలవాటో, నా రక్తమో తేలేది కాదు. అలా తిరిగిన ఆ మొహం అచ్చం నా చిన్నప్పటి మొహం.

పోయిన శ్రావణంలో అమ్మ శ్రీకాళహస్తి వెళ్లింది. సాయంత్రం వాన పడుతుంటే కిటికీలు మూసి, పాపా నేనూ మాల కడుతున్నాం. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. ఏ తేడా లేకపోవడమే ఇప్పుడు తలుచుకుంటే భయం. పాప మాత్రం మాటలు మానేసి, గోడవైపు తిరిగి కూర్చుంది. దీపం వేళయిందని అగ్గిపెట్టె తీశాను. అంతలో పక్కింటామె తలుపు బాదింది.

"ఒమ్మా, గ్యాసు కంపు మా ఇంటిదాకా వస్తాండాది! అగ్గి గీకొద్దు!"

ఆమే లోపలికొచ్చి సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచింది. నేను పాపను పట్టుకుని బయటికి పరిగెత్తాను.

"నీకూ వాసన రాలేదా?"

"వచ్చింది మా. శానా సేపట్నించి వస్తాండాది. పూలదేమో అనుకున్నా. వాసన సూస్తే పాపమని అవ్వ సెప్పింది గదా, ఊపిరి బిగబట్టుకున్నా. నువ్వు ఎప్పుడడిగినా తిడతావని రాలేదనే సెప్తా."

సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఇంట్లో గాలి తేటపడిందని పక్కింటామె చెప్పాక, దేవుడి బుట్టలోంచే గుప్పెడు మొల్లపూలు తీసి పాప ముక్కు దగ్గర పెట్టాను. బెదురుతూ పీల్చింది, తర్వాత కళ్లు మూసుకుంది. ఆ పూలే నా ముక్కుకు ఆనించి, "నువ్వూ సూడు మా" అంది.

గట్టిగా పీల్చాను. చల్లటి గాలి వచ్చింది, అంతే.

"బాగుండాదా?"

"బాగుంది" అన్నాను.