గుడ్ల కోళ్ళను ఎంచింది నేను కాదు

మా బంధువుల్లో ఎవరింట కోళ్ళ మాట వచ్చినా వెంటనే నా పేరు చెబుతారు. "కోళ్ళంటే రాయపూర్‌లో మనవాడి పెరట్లోనే చూడాలి, గుడ్లే గుడ్లు" అంటారు. ఏళ్ళ తరబడి ఆ మాటకి తలూపుతూ వచ్చాను. నిజానికి ఆ కోళ్ళను ఎంచింది నా భార్య. నేను ఎంచినవి వేరే ఉన్నాయి. వాటి వల్ల వచ్చిన చెడ్డపేరు మాత్రం ఆవిడ మీద పడింది.

రాయపూర్ మోవాలో ఇల్లు కట్టుకున్నాక వెనక కాస్త జాగా మిగిలింది. అక్కడ నాలుగు కోళ్ళు పెంచుదామంది. రోజూ పిల్లల కంచాల్లోకి ఇంటి గుడ్డు రావాలన్నదే ఆవిడ కోరిక. "మీరు రోజూ ఉద్యోగానికి ధర్సీవా వెళ్తారు కదా. గుడ్లు బాగా పెట్టే జాతేదో అడిగి తీసుకురండి" అని చెప్పింది.

నేను ఒకరిని అడగడమేమిటి? నాన్న రైల్వే ఉద్యోగం కోసం భీమవరం దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చినా, సెలవుల్లో అక్కడికి వెళ్ళినప్పుడల్లా మామయ్యలు నాకు కోళ్ళను చూడటం నేర్పారు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. మెడ నిక్కి ఉందా, కాలు దిట్టంగా ఉందా, కంట్లో పౌరుషం ఉందా? అవన్నీ పందెం పుంజును ఎంచే లక్షణాలు. గుడ్లు పెట్టే పెట్టకు పౌరుషంతో పనేమిటన్న ఆలోచన నాకు తట్టలేదు.

ధర్సీవా దారిలో ఒకాయన దగ్గర పందెం జాతి పెట్టలు కనిపించాయి. నిటారుగా నిలబడి, నేనే వాటికి లెక్కలేనట్టు చూశాయి. ఆ చూపుకే పడిపోయాను. "సాబ్, యే అండా కమ్ దేతీ హై" అని అమ్మే మనిషే చెప్పాడు, గుడ్లు తక్కువ పెడతాయని. విననట్టే డేగ పెట్టల్ని ఏరుకుని, తోడుగా ఒక పుంజును కూడా తెచ్చాను.

అవి ఎప్పుడు చూసినా ఒకదాన్నొకటి పొడుచుకుంటూనే ఉండేవి. నాలుగు గుడ్లు పెట్టగానే పొదుగుకి కూర్చునేవి. గంప కింద చెయ్యి పెడితే రక్తం కళ్ళజూసేవి. పక్కింటావిడ గోడ మీదుగా నా భార్యను ఆటపట్టించేది. "భాభీ, తుమ్హారీ ముర్గియాఁ అండా దేతీ హై కి కుస్తీ లడ్తీ హై?" గుడ్లు పెడతాయా, కుస్తీ పడతాయా అని. "దోనోఁ నహీఁ, మేరా ఖూన్ పీతీ హై" అనేది మా ఆవిడ, చేతికి పసుపు రాసుకుంటూ. రెండూ కాదు, నా రక్తం తాగుతున్నాయి అని.

శంకర్ నగర్‌లో ఉండే మా అక్క ఒక ఆదివారం వచ్చి ఖాళీ గంప చూసింది.

"కోళ్ళకేం రా, మేలుజాతివి. మేత వేసే చెయ్యే మంచిది కాదు."

మా వాళ్ళలో హస్తవాసి చిన్న విషయం కాదు. విత్తు నాటాలన్నా, ఆవకాయ కలపాలన్నా చెయ్యి చూస్తారు. నా భార్య నా వంక చూసింది. అమ్మినాయన ఏం చెప్పాడో నాకు తెలుసు. అయినా నోరు విప్పకుండా కాఫీ తాగాను.

తర్వాత ఆవిడే పక్కింటావిడను వెంటబెట్టుకుని ధర్సీవా వెళ్ళింది. అమ్మేవాడు నల్ల కడక్‌నాథ్‌ను చూపించి, దాని మాంసానికి గిరాకీ అన్నాడట. "కోసుకోవడానికి కాదు నాయనా, గుడ్లకి" అని చెప్పి, గుడ్ల జాతి గ్రామప్రియ పెట్టల్ని ఎంచి తెచ్చింది. గోధుమరంగు ఈకలతో నెమ్మదిగా ఉన్నాయి.

"ఇవేం కోళ్ళే, గుమాస్తాల్లా ఉన్నాయి!" అన్నాను.

"గుమాస్తాలే కావాలి నాకు. రోజూ వేళకి పని చేస్తారు."

అన్నట్టే రోజూ గుడ్లు వచ్చాయి. ఆ జాతి సరిగ్గా పొదగదని తెలుసుకుని, నా డేగ పెట్టల్లో ఒకదాన్నీ, ఆ పుంజునూ ఉంచేసింది. పగుళ్ళున్నవీ, మరీ చిన్నవీ తీసేసి, మంచి గుడ్లు ఏరి బుట్టలో పెట్టింది. పొదగెయ్యబోయే రోజున మా అక్క వచ్చింది.

"నువ్వు ముట్టుకోకమ్మాయ్. తమ్ముడి చేత పెట్టించు."

నేను వంగి గుడ్లు పెట్టాను. దాదాపు అన్నీ పిల్లలయ్యాయి. ఆ రోజు నుంచి చెయ్యి నాదైంది, కోళ్ళు నావయ్యాయి, తెలివీ నాదే అయింది. చుట్టాలు ఫోన్ చేసి ఏ జాతి కొనాలని అడిగితే, రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఆవిడనడిగి చెప్పేవాణ్ణి. ఆవిడ కూరగాయలు తరుగుతూనే జవాబిచ్చేది.

ఈమధ్య మా అక్కకి కోళ్ళ మీద మనసు పోయింది. భోజనాల దగ్గర, "తమ్ముడూ, నువ్వే వచ్చి ఎంచిపెట్టాలి. మీ ఆవిడ చెయ్యి మనకి తెలిసిందే కదా" అని నవ్వింది. వడ్డిస్తున్న గరిట ఆగింది. ఇక ఊరుకోలేకపోయాను. నేను కొన్న పెట్టల సంగతీ, అమ్మినాయన చెప్పిన మాటా, ఎవరు దేన్ని ఎంచారో అంతా చెప్పేశాను.

అక్క కంచం పక్కకి జరిపింది. తర్వాత నా భార్యతో, "ఇన్నాళ్ళూ నోరెత్తలేదేమే?" అంది.

"ఆయనే చెప్తారేమోనని చూశాను వదినా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బావుండేది.

మర్నాడు ముగ్గురం ధర్సీవా వెళ్ళాం. అమ్మే కుర్రాడు వాళ్ళిద్దర్నీ దాటి నా దగ్గరికొచ్చి, "కౌన్‌సీ దూఁ, సాబ్?" అన్నాడు, ఏవి ఇమ్మంటారని. నేను జవాబు చెప్పేలోపే మా అక్క వాడి భుజం పట్టుకుని మా ఆవిడ వైపు తిప్పింది.